దూరంగా ఉన్నప్పుడు ఇంటి కంప్యూటర్ పలుకుతుందా?

ఇంటి కంప్యూటర్‌ను ఎక్కడో దూరంగా కూర్చుని వాడుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌ను నమ్మొచ్చు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, రస్ట్‌డెస్క్, విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్, 1990ల నుంచి నడుస్తున్న వీఎన్‌సీ. ఒకరి దగ్గర ఏళ్ల తరబడి చక్కగా పనిచేసినదే ఇంకొకరి దగ్గర వారానికోసారి మొరాయిస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. మన చేతిలోని ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లోని కంప్యూటర్ దాకా ఒక పొడవాటి గొలుసు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అందులో ఒక లింకు. కరెంటు, స్లీప్ సెట్టింగులు, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే అనుమతులు, రౌటర్, ఇంటర్నెట్ కంపెనీ, మధ్యలో ఇద్దరినీ కలిపే సర్వర్, ఆ సర్వర్‌ను నడిపే కంపెనీ తీసుకునే నిర్ణయాలు మిగతా లింకులు. వీటిలో ఏది తెగినా మనకు కనిపించే మాట ఒక్కటే: ఆఫ్‌లైన్.

స్క్రీన్ ఎంత స్పష్టంగా ఉంది, మౌస్ ఎంత చురుగ్గా కదులుతోంది అన్న లెక్కలతోనే ఈ సాఫ్ట్‌వేర్లను పోల్చడం నాకు సరిపోదనిపిస్తుంది. అవి కనెక్షన్ ఉన్నంతసేపు అనుభవించే సుఖాలు. ఇంటికి తాళం వేసి వెళ్ళినవాళ్ళకు కావలసిన సమాధానం వేరు. కనెక్షన్ తెగిపోయాక, ఆ గదిలో బటన్ నొక్కే మనిషి లేకుండా, కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ అందుబాటులోకి వస్తుందా? ఆఫీసులో అయితే సర్వర్ గదికి వెళ్ళి చూసేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఇంట్లో ఉండరు. కాబట్టి ఇక్కడ నమ్మకమంటే ముఖ్యంగా కోలుకునే శక్తి.

ముందు మీ అవసరం ఏ రకమో తేల్చుకోండి

రిమోట్ యాక్సెస్‌లో రెండు వేర్వేరు పనులు ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి. మొదటిది, అవతల ఒక మనిషి కూర్చుని ఉండగా సాయం చేయడం. ప్రింటర్ పనిచేయడం లేదని ఇంట్లో పెద్దవాళ్ళు ఫోన్ చేస్తారు, వాళ్ళు ఒక కోడ్ చదివి చెబుతారు, మనం కనెక్ట్ అయి సరిచేస్తాం. విండోస్‌లో ఉండే క్విక్ అసిస్ట్ సరిగ్గా ఈ పనికే తయారైంది. అవతలివాళ్ళు ఒప్పుకుంటేనే అది నడుస్తుంది. ఎవరూ లేని గదిలోని కంప్యూటర్‌ను దాంతో తెరవలేం.

రెండోది, ఎవరూ లేనప్పుడు మన కంప్యూటర్‌లోకి మనమే వెళ్ళడం. కష్టమంతా ఇక్కడే. మొదటి రకంలో ఏదైనా ఆగిపోతే "ఒకసారి రీస్టార్ట్ చేయండి" అని ఫోన్‌లో చెప్పొచ్చు. రెండో రకంలో ఆ మాట వినేవాళ్ళు లేరు. మొదటి పనికి బాగుందని పేరు తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌ను చూసి రెండో పనికి కూడా నిశ్చింతగా ఉండటం వల్లే చాలామంది ఊరెళ్ళాక టెన్షన్ పడుతుంటారు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఈ రెండో రకం గురించే.

ఇంటికి దారి ఎలా దొరుకుతుంది

ఇంట్లోని కంప్యూటర్‌కు ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఉండటం అరుదు. ఇల్లంతటికీ కలిపి రౌటర్‌కు ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. లోపలి పరికరాలన్నీ దాని వెనక దాక్కుని ఉంటాయి. ఈ ఏర్పాటును నాట్ అంటారు. లోపలి నుంచి బయటకు వెళ్ళే అభ్యర్థనలకు జవాబులు తిరిగి వస్తాయి. బయటి నుంచి తనంతట తాను వచ్చే కనెక్షన్‌ను లోపల ఎవరికి ఇవ్వాలో మాత్రం రౌటర్‌కు తెలియదు, వదిలేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అనేది, ఈ పోర్టుకు (అంకెతో గుర్తించే తలుపుకు) వచ్చినవి ఫలానా కంప్యూటర్‌కు పంపు అని రౌటర్‌కు చెప్పి ఉంచడం.

ఐపీవీ4 అనే పాత పద్ధతి అడ్రసులు చాలక చాలా ఇంటర్నెట్ కంపెనీలు తమ దగ్గర కూడా ఇంకో పొర నాట్ పెట్టాయి. దీన్ని సీజీనాట్ అంటారు. దీనికోసమే 2012లో 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఒక అడ్రసుల గుంపును ప్రత్యేకంగా కేటాయించారు. మీ రౌటర్ సెట్టింగుల పేజీలో కనిపించే బయటి అడ్రస్ ఈ గుంపులో ఉన్నా, లేక మీ ఐపీ ఏమిటో చూపించే వెబ్‌సైట్లలో కనిపించే అడ్రస్‌తో అది కలవకపోయినా, మీకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఇంకో నాట్ ఉన్నట్టే. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం ఉండదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా గంటల తరబడి పోర్ట్ ఫార్వర్డింగ్‌తో కుస్తీ పట్టేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. తప్పు వాళ్ళ సెట్టింగుల్లో ఉండదు, అది వాళ్ళ చేతిలో లేని చోట ఉంటుంది.

టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటివి ఇంత పాపులర్ అయింది ఈ చిక్కును దాటించడం వల్లే. ఇంట్లోని కంప్యూటర్ తనే బయటకు, ఆ కంపెనీ సర్వర్‌కు ఒక కనెక్షన్ తెరిచి పెట్టుకుని ఎదురుచూస్తుంది. మనం కూడా అదే సర్వర్‌కు వెళతాం. సర్వర్ ఇద్దరి బయటి అడ్రసులనూ ఒకరికొకరికి చెబుతుంది. రెండు వైపుల నుంచీ ఒకేసారి ప్యాకెట్లు (సమాచారపు చిన్న ముక్కలు) పంపితే, రెండు రౌటర్లూ అవి తాము ఎదురుచూస్తున్న జవాబులే అనుకుని లోపలికి వదులుతాయి. దీన్ని హోల్ పంచింగ్ అంటారు. అది కుదిరితే మాటలన్నీ నేరుగా సాగుతాయి. కుదరకపోతే ప్రతి ప్యాకెట్టూ కంపెనీ రిలే సర్వర్ గుండానే నడవాలి. నిన్న వేగంగా ఉన్న కనెక్షన్ ఇవాళ వేరే వైఫై నుంచి చూస్తే నత్తనడక నడవడానికి తరచూ ఇదే కారణం. హోటళ్ళు, కాలేజీలు, ఆఫీసుల నెట్‌వర్క్‌లు కొన్ని ఇలా నేరుగా మాట్లాడుకోవడానికి వాడే యూడీపీ పద్ధతిని అడ్డుకుంటాయి. దాంతో నేరుగా వెళ్ళే దారి మూసుకుపోయి రిలేనే దిక్కవుతుంది.

ఈ సౌకర్యానికి మనం చెల్లించే మూల్యం ఒకటుంది. ఆ మధ్య సర్వర్ పనిచేయకపోతే, మన ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నా మనం లోపలికి వెళ్ళలేం. పైగా సర్వర్ ఒక కంపెనీది. దాని నిర్ణయాలు మారుతుంటాయి. లాగ్‌మీఇన్ 2014 జనవరిలో తన ఉచిత సర్వీసును ఆపేసింది. అప్పటిదాకా దాని మీదే ఆధారపడినవాళ్ళు డబ్బు కట్టాలి, లేదా కొద్ది రోజుల్లో వేరే దారి చూసుకోవాలి. టీమ్‌వ్యూయర్ సొంత అవసరాలకు ఉచితమే కానీ, వాడకం వ్యాపారానికి అని దానికి అనుమానం వస్తే సెషన్లను మధ్యలోనే ఆపేస్తుంది. సాంకేతికంగా ఏదీ చెడిపోకుండానే కనెక్షన్ పోవడమంటే ఇదే. ఉచితం అన్న మాట చూసినప్పుడు ఆ ఉచితం ఎవరి ఇష్టం మీద నడుస్తోందో ఆలోచించాలి.

మధ్య సర్వర్‌ను మనమే పెట్టుకునే వీలు రస్ట్‌డెస్క్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మంచి ఏర్పాటే. అయితే చాలామంది ఆ సర్వర్‌ను కూడా ఇంట్లోనే, అదే రౌటర్ వెనక పెడతారు. అప్పుడు ఇంటి ఇంటర్నెట్ పోతే రెండూ కలిసే పోతాయి, సీజీనాట్ ఉంటే ఆ సర్వర్ బయటి నుంచి అందనే అందదు. దాన్ని బయట అద్దె సర్వర్ మీద పెడితేనే ఆ లింకుకు నిజమైన బలం.

వేగం గురించి ఎక్కువ చెప్పను. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. 10,000 కిలోమీటర్ల దూరం నుంచి క్లిక్ చేస్తే, దారి సూటిగా ఉందనుకున్నా, ఫలితం కనిపించడానికి కనీసం 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తగ్గించలేదు. మనం దూరం నుంచి చూసే స్క్రీన్ ఇంటి కనెక్షన్‌కు అప్‌లోడ్. డౌన్‌లోడ్ వేగం ఎంత ఘనంగా ఉన్నా అప్‌లోడ్ తక్కువైతే స్క్రీన్ ముక్కలుముక్కలుగా వస్తుంది. ఇంట్లో ఎవరో ఫోటోలు బ్యాకప్ చేస్తున్నప్పుడు రిమోట్ స్క్రీన్ ఆగిపోవడం అందుకే.

కంప్యూటర్ లేవకపోతే

అందని కంప్యూటర్ల వెనక కారణాలు వెతికితే ఎక్కువసార్లు నెట్‌వర్క్ కంటే ఆ పెట్టెలోనే దొరుకుతాయని నా అభిప్రాయం. అన్నిటికన్నా మామూలుది స్లీప్. కరెంటు ఆదా చేయడానికి కంప్యూటర్ కాసేపటికి నిద్రలోకి వెళుతుంది. రిమోట్ సాఫ్ట్‌వేర్ కూడా దాంతో పాటే నిద్రపోతుంది.

నిద్ర లేపడానికి వేక్ ఆన్ లాన్ ఉంది కదా అంటారు. దాని పనితీరు తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. కంప్యూటర్ పడుకున్నా నెట్‌వర్క్ కార్డు కొంచెం కరెంటుతో మేలుకుని ఉంటుంది. దానికి మ్యాజిక్ ప్యాకెట్ ఒకటి వస్తే యంత్రాన్ని లేపుతుంది. ఆ ప్యాకెట్‌లో ముందు 6 బైట్ల నిండా ఎఫ్ఎఫ్ అనే విలువ, తర్వాత ఆ కార్డు గుర్తింపు సంఖ్య (మ్యాక్ అడ్రస్) 16 సార్లు, మొత్తం 102 బైట్లు. పేరులోనే లాన్ ఉంది. ఇది ఇంటి నెట్‌వర్క్ లోపల అందరికీ వినిపించేలా వేసే కేక. మామూలుగా రౌటర్ దాన్ని బయటి నుంచి లోపలికి రానివ్వదు. కాబట్టి లోపల ఎప్పుడూ మేలుకుని ఉండే ఇంకో పరికరం కావాలి: ఆ సౌకర్యం ఉన్న రౌటరో, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరో, నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెనో. వైఫై మీద ఇది పనిచేయడం అదృష్టమే. పైగా విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసిన యంత్రం నిజానికి సగం హైబర్నేషన్‌లో (పనిని డిస్క్‌లో దాచుకుని ఆగే స్థితిలో) ఉంటుంది. ఆ స్థితి నుంచి వేక్ ఆన్ లాన్‌తో లేపడానికి విండోస్ సపోర్ట్ లేదు. ఇన్ని షరతులున్న దాని మీద ఊరెళ్ళినప్పుడు ఆధారపడటం కంటే, వెళ్ళే ముందు కరెంటుకు కలిపి ఉన్నప్పుడు స్లీప్ ఎప్పటికీ వద్దు అని పెట్టి వెళ్ళడం మేలు. స్క్రీన్‌ను మాత్రం ఆరిపోనివ్వొచ్చు.

తర్వాతిది కరెంటు. పోయిన కరెంటు తిరిగి వచ్చినా డెస్క్‌టాప్ కంప్యూటర్లు చాలావరకు ఆగిపోయే ఉంటాయి, అది ఫ్యాక్టరీ సెట్టింగ్. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్‌లో), కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలి అన్న సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ అయ్యేలా మార్చాలి. దూరం నుంచి వాడే కంప్యూటర్‌కు ఇంతకన్నా విలువైన సెట్టింగ్ ఇంకోటి లేదంటాను, ఇంతకన్నా తక్కువమంది పట్టించుకునేదీ లేదు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కొంతసేపు కాపాడుతుంది. కానీ బ్యాటరీ పూర్తిగా అయిపోయాక కరెంటు వస్తే తానే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండదు. కరెంటు వచ్చాక కంప్యూటర్ రౌటర్ కంటే ముందే లేవొచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొదటి ప్రయత్నంలో ఇంటర్నెట్ దొరకలేదని చేతులెత్తేయకుండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే సాఫ్ట్‌వేర్ కావాలి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెడితే చిన్నచిన్న కోతలకు ఈ గొడవే ఉండదు.

కంప్యూటర్ ఆన్ అయితే సరిపోదు, రీస్టార్ట్ తర్వాత ఎక్కడ ఆగుతుందో చూడాలి. అర్ధరాత్రి అప్‌డేట్ వచ్చి విండోస్ రీస్టార్ట్ అయిందనుకుందాం. లాగిన్ స్క్రీన్ దగ్గర నిలబడి ఉంటుంది. ఇక్కడే సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఇన్‌స్టాల్ చేశారన్నది తేలుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా ఒక ఫైలుగా తెరిచి వాడే పద్ధతిలో, అది మీరు లాగిన్ అయి ఉన్నంతసేపే బతుకుతుంది. సిస్టమ్ సర్వీస్‌గా ఇన్‌స్టాల్ అయితే లాగిన్‌కు ముందే లేస్తుంది, లాగిన్ స్క్రీన్ కూడా మనకు చూపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతూ స్క్రీన్ మసకబారే సందర్భమూ ఇంతే. ఆ పెట్టెను విండోస్ వేరే సురక్షిత డెస్క్‌టాప్ మీద చూపిస్తుంది. సర్వీస్‌గా నడిచే సాఫ్ట్‌వేర్‌కే అది అందుతుంది. మామూలుగా తెరిచిన దానికి స్క్రీన్ అక్కడే స్తంభించినట్టు కనిపిస్తుంది.

డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే వేరేవాళ్ళు చదవలేకుండా డిస్క్‌కు వేసే తాళం, ఇంకో గేటు. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉంటే రీస్టార్ట్ తర్వాత పాస్‌వర్డ్ కొట్టేదాకా డిస్క్ తెరుచుకోదు. డిస్క్‌లో ఉన్న రిమోట్ సాఫ్ట్‌వేర్ అప్పటిదాకా లేవలేదు. విండోస్‌లో బిట్‌లాకర్ మామూలుగా టీపీఎం అనే భద్రతా చిప్ సాయంతో దానంతట అదే తెరుచుకుంటుంది. విండోస్ లేవకముందే అడిగే పిన్ పెట్టుకున్నవాళ్ళకు మాత్రం ఫైల్‌వాల్ట్ కథే. ఎన్‌క్రిప్షన్ తీసేయమని నేను చెప్పను. దొంగ చేతిలో పడే డిస్క్ కంటే అందని కంప్యూటర్ నయం. కానీ అలాంటి యంత్రాన్ని దూరం నుంచి రీస్టార్ట్ చేసేముందు, దాన్ని లేపే మనిషి ఎవరో తెలిసి ఉండాలి.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏటికేడాది ఈ సాఫ్ట్‌వేర్ల మీద అనుమానం పెంచుకుంటున్నాయి, దానికి తగిన కారణం ఉంది. వేరే ప్రోగ్రామ్ స్క్రీన్ చూడటం, కీబోర్డు నొక్కడం అన్నవి గూఢచారి సాఫ్ట్‌వేర్ చేసే పనులు కూడా. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా వెర్షన్ నుంచి స్క్రీన్ రికార్డింగ్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. కీబోర్డు, మౌస్ కదపడానికి యాక్సెసిబిలిటీ అనుమతి వేరు. మొదటిది ఇచ్చి రెండోది మరిచిపోతే స్క్రీన్ కనిపిస్తుంది, క్లిక్ మాత్రం పడదు. 2024 నాటి సెకోయాలో, ఇచ్చిన స్క్రీన్ అనుమతిని కొంతకాలానికోసారి మళ్ళీ ధృవీకరించమని అడిగే పద్ధతి వచ్చింది. లినక్స్‌లో తెర మీద బొమ్మను నడిపే పాత ఎక్స్11 స్థానంలో వేలాండ్ వచ్చాక, స్క్రీన్ పంచుకోవాలంటే అక్కడ కూర్చున్న మనిషి ఒప్పుకోవాలన్నది మూల సూత్రమైంది. అక్కడ మనిషే లేకపోతే ఎలా అన్న ప్రశ్నకు డెస్క్‌టాప్‌లు ఒక్కొక్కటిగా జవాబులు వెతుక్కుంటున్నాయి. 2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46 డెస్క్‌టాప్‌లో, ఎవరూ లాగిన్ కాకముందే ఆర్‌డీపీతో (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే పద్ధతితో) లోపలికి వెళ్ళే వీలు చేర్చారు. పాత సలహాలు చదివి కొత్త లినక్స్‌లో నల్ల స్క్రీన్ చూసి తల పట్టుకునేవాళ్ళు ముందు తమది వేలాండ్ సెషనా కాదా చూసుకోవాలి.

నల్ల స్క్రీన్‌కు ఇంకో కారణం మరీ మామూలుది. మానిటర్ లేకపోవడం, లేదా దాన్ని స్విచ్ దగ్గరే ఆపేయడం. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు మానిటర్ కనబడకపోతే బొమ్మే తయారుచేయవు, లేదంటే అతి తక్కువ రిజల్యూషన్‌కు దిగిపోతాయి. హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అనే చిన్న ముక్కను వెనక గుచ్చితే కార్డు అక్కడ మానిటర్ ఉందనుకుంటుంది. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌కు ఈ బాధ లేదు. అది అసలు మానిటర్‌తో సంబంధం లేకుండా మనకోసం వేరే తెర తయారుచేసి, ఇంట్లోని స్క్రీన్‌కు తాళం వేస్తుంది.

ఆ రిమోట్ డెస్క్‌టాప్ చాలా గట్టిది. మనం వాడేవాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం దాని మీదే. కానీ రెండు షరతులు. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్ దాంతో బయటికి కనెక్ట్ కాగలదు, తనలోకి ఎవరినీ రానివ్వలేదు. అందుకు ప్రో లాంటి పై ఎడిషన్ కావాలి. రెండోది, రోజూ కొట్టే నాలుగంకెల పిన్ అక్కడ చెల్లదు, అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటి నుంచీ పిన్ మాత్రమే వాడినవాళ్ళకు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పు అని రావచ్చు. ఆ కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక్కసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే ఇది తీరుతుంది. ఆ ఒక్కసారి ఊరెళ్ళక ముందే చేయాలి.

తలుపు మనకే తెరుచుకోవాలి

భద్రత వేరే అధ్యాయం అనుకుంటారు కానీ, వేరొకరి చేతిలోకి వెళ్ళిన కంప్యూటర్ కూడా మనకు అందని కంప్యూటరే. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం. అలా తెరిచిన పోర్టులను వెతుకుతూ పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు నిరంతరం తిరుగుతుంటాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాలకు ఇది ఏనాటి నుంచో ఇష్టమైన దారి. పాస్‌వర్డ్ గట్టిదైనా చాలని సందర్భం 2019 మేలో బయటపడిన బ్లూకీప్. విండోస్ 7, ఎక్స్‌పీ లాంటి పాత వెర్షన్లలోకి ఏ పాస్‌వర్డూ లేకుండానే చొరబడే లోపం అది. అప్పటికే సపోర్ట్ ఆగిపోయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసిందంటే దాని తీవ్రత అర్థమవుతుంది. వీఎన్‌సీ సంగతి ఇంకా సున్నితం. దాని సంప్రదాయ పద్ధతిలో పాస్‌వర్డ్‌లోని మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి, ఆ తర్వాత నడిచే సమాచారానికి ఎన్‌క్రిప్షన్ ఉండదు. దాన్ని ఇంటర్నెట్‌కు నేరుగా ఎప్పుడూ తెరవకూడదు.

మధ్య సర్వర్ ఉన్న కంపెనీలకూ దెబ్బలు తగిలాయి. 2016లో చాలామంది టీమ్‌వ్యూయర్ వాడకందార్లు తమ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారని ఫిర్యాదు చేశారు. వేరే సైట్ల నుంచి లీకైన పాస్‌వర్డులనే ఇక్కడా వాడటం వల్ల అలా జరిగిందని కంపెనీ చెప్పింది, కొత్త పరికరం నుంచి లాగిన్ అయితే ధృవీకరణ అడిగే పద్ధతి తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ తన సర్వర్లలోకి చొరబాటు జరిగిందని ప్రకటించి, సర్టిఫికెట్లు మార్చి, వెబ్ పోర్టల్ పాస్‌వర్డులన్నీ రద్దు చేసింది. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ తన కార్పొరేట్ నెట్‌వర్క్‌లోకి చొరబాటు జరిగిందని, కస్టమర్ల వైపు దాని ప్రభావం లేదని తెలిపింది. ఈ కంపెనీలను వాడొద్దని కాదు నేననేది. ఆ ఖాతాకు ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్ తప్పనిసరి అంటున్నాను. ఆ రెండో అంచె ఎస్ఎంఎస్ మీద ఆధారపడితే, వేరే దేశంలో ఆ సిమ్ పనిచేయనప్పుడు మన ఇంట్లోకి మనమే వెళ్ళలేం. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి వెంట ఉంచుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఒక మాట తప్పకుండా చెప్పండి. బ్యాంకు నుంచో కంప్యూటర్ కంపెనీ నుంచో అని ఫోన్ చేసి ఈ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమనేవాళ్ళు మోసగాళ్ళు. ఎవరు ఫోన్ చేసినా కోడ్ చెప్పకుండా పెట్టేసి, మనకు ఫోన్ చేయమనాలి.

నా వరకు మంచి ఏర్పాటు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఇంటిదాకా వేసుకునే రహస్య సొరంగం) వెనక రిమోట్ డెస్క్‌టాప్. ముందు ఇంటి నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా చేరడం, ఆ తర్వాత ఇంట్లో ఉన్నట్టే కనెక్ట్ అవడం. 2020 మార్చిలో లినక్స్ మూల భాగమైన కెర్నల్ 5.6లో చేరిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఇందుకు తేలికైన దారి. సరైన తాళంచెవి లేనివాళ్ళు తట్టినా అది జవాబే ఇవ్వదు కాబట్టి, వెతికేవాళ్ళకు అక్కడేదో ఉందన్న సంగతే తెలియదు. సీజీనాట్ ఉన్నవాళ్ళకు టెయిల్‌స్కేల్ లాంటివి అదే వైర్‌గార్డ్‌ను హోల్ పంచింగ్‌తో, అది కుదరకపోతే రిలేతో నడిపిస్తాయి. ఇక్కడా కనిపించని గుంతలున్నాయి. టెయిల్‌స్కేల్‌లో ప్రతి పరికరం తాళానికి మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. ఇంట్లోని కంప్యూటర్‌కు ఆ గడువును ఆపేయకపోతే, అన్నీ బాగానే ఉన్నా ఒకరోజు అది జారిపోతుంది. విండోస్‌లో అయితే ఎవరూ లాగిన్ కాకపోయినా నడవాలన్న ఆప్షన్‌ను మనమే ఆన్ చేయాలి.

రెండు దారులు, ఒకే గుంతలో పడకుండా

ఒకే కంప్యూటర్‌లో రెండు రిమోట్ సాఫ్ట్‌వేర్లు పెట్టుకోవడం మంచి అలవాటే, కానీ ఆ రెండూ దేని మీద ఆధారపడుతున్నాయో చూడాలి. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ రెండూ పెడితే కంపెనీ సర్వర్ పోయినప్పుడు ఒకటి ఆదుకుంటుంది. విండోస్ బిగుసుకుపోతే రెండూ పోతాయి. రౌటర్‌లోనే వైర్‌గార్డ్ ఉంటే, కంప్యూటర్ నిద్రపోయినా ఇంటి నెట్‌వర్క్ దాకా చేరొచ్చు, రౌటర్‌లో ఆ సౌకర్యం ఉంటే అక్కడి నుంచి వేక్ ఆన్ లాన్ కేక వేయొచ్చు. దాంతోపాటు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఒకటి ఉంటే వీపీఎన్ తప్పిపోయిన రోజున ఆదుకుంటుంది. ఈ రెండింటి బలహీనతలు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

ఇంకా గట్టిది కావాలనుకునేవాళ్ళకు పైకేవీఎం లాంటి ఐపీ కేవీఎం పరికరాలున్నాయి. రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే ఈ పెట్టె కంప్యూటర్ హెచ్‌డీఎంఐ బొమ్మను పట్టుకుంటుంది, యూఎస్‌బీ వైపు కీబోర్డులా, మౌస్‌లా నటిస్తుంది. కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు కాబట్టి బయోస్, నీలి స్క్రీన్, ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడిగే తెర కూడా దూరం నుంచి కనిపిస్తాయి. పవర్ బటన్‌కు తీగలు కలిపితే దాన్నీ నొక్కొచ్చు. ఇంత శక్తి ఉన్న పెట్టెను వీపీఎన్ వెనకే ఉంచాలి. అంత ఖర్చు వద్దనుకుంటే రౌటర్‌కు ఒక టైమర్ ప్లగ్ పెట్టి రోజుకోసారి తెల్లవారుజామున ఆపి ఆన్ చేయించినా చాలా మొండి సమస్యలు తీరతాయి. వైఫై మీద నడిచే స్మార్ట్ ప్లగ్ ఇందుకు పనికిరాకపోవచ్చు. రౌటర్ ఆగిపోతే ఆన్ చేయమన్న మన ఆదేశం దానికి ఎలా చేరుతుంది? కంప్యూటర్‌కు మాత్రం ఇలా కరెంటు తీసేయడం చివరి అస్త్రంగానే ఉంచుకోండి. రాస్తున్న ఫైలు మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఊరెళ్ళడానికి కనీసం వారం ముందు పరీక్ష పెట్టండి. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద కనెక్ట్ అవండి, ఎందుకంటే ఇంటి వైఫై నుంచి చేసే పరీక్ష రౌటర్‌ను దాటనే దాటదు. లోపలికి వెళ్ళాక దూరం నుంచే రీస్టార్ట్ కొట్టి, లాగిన్ స్క్రీన్ మళ్ళీ కనిపిస్తుందా చూడండి. తర్వాత పనులన్నీ సేవ్ చేసి, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, దాని ప్లగ్‌నూ రౌటర్ ప్లగ్‌నూ పీకండి. ఐదు నిమిషాలాగి రెండూ పెట్టండి. కొన్ని బోర్డులలో కరెంటు రాగానే ఆన్ అవమన్న సెట్టింగ్, షట్‌డౌన్ చేసిన యంత్రానికి ఒకలా, నడుస్తుండగా కరెంటు పోయిన యంత్రానికి ఇంకోలా పనిచేస్తుంది. బయోస్‌లో "ఆఖరి స్థితి" అన్న ఎంపిక కాకుండా "ఎప్పుడూ ఆన్" అన్నదే పెట్టమనేది ఇందుకే. పది నిమిషాల తర్వాత కంప్యూటర్‌ను చేత్తో ముట్టుకోకుండా, మళ్ళీ మొబైల్ డేటా మీదే కనెక్ట్ అవడానికి ప్రయత్నించండి. అందకపోతే ఎక్కడ ఆగిందో చూడటానికి మీరింకా ఆ గదిలోనే ఉన్నారు, సరిచేయడానికి వారం టైమ్ ఉంది.